విస్కీ జాక్ ఎత్తుకెళ్లిన పులిహోర

రాజమండ్రి వచ్చి వారమైంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. మా ఆయన గురక వింటూ పడుకోవడమెందుకని, ఆ వేళప్పుడు లేచి కూర్చుని ఇది రాస్తున్నాను. మూడు నెలలు కెనడాలోని కాల్గరీలో మా తమ్ముడింట్లో ఉన్నాం. అందులో రెండున్నర నెలలు వంటా, టీవీ, పార్కులో నడకా. రాయదగ్గవి నాలుగు రోజులే.

సెప్టెంబర్ 29, 2023, శుక్రవారం: కాల్గరీ నుంచి కాన్‌మోర్

పొద్దున్నే లేచి పులిహోర కలిపాను. (ఈ కాలం కుర్రాళ్లు ఈ మాటకి వేరే అర్థం చెబుతారని మా మేనకోడలికి తెలియకపోవడం మంచిదే అయింది.) కరివేపాకు చిన్న పొట్లం మూడు డాలర్లు, అంటే మన డబ్బుల్లో 180 పైనే. మా పెరట్లో చెట్టు నిండా ఊరికే ఉంటుందని తలుచుకుంటే, ఒక్కో రెబ్బా తాలింపులో వేస్తుంటే చెయ్యి వెనక్కి లాగింది. వేరుశెనగ పప్పు మాత్రం ధారాళంగా పోశాను. ఆ పప్పు గురించి తర్వాత చెబుతాను.

కాల్గరీలో కాకుల కంటే మాగ్‌పైలు ఎక్కువ కనిపిస్తాయి. నలుపూ తెలుపూ ఒళ్లు, పొడుగాటి తోక, రిక్షా హారన్ లాంటి గొంతు. డెక్ మీద వాటిని చూస్తూ మా మేనకోడలికి మన పాలపిట్ట గురించి చెప్పాను. దసరా నాడు కనిపిస్తే శుభమని, దాన్ని ఇంగ్లిష్‌లో బ్లూ జే అంటారని. పదకొండేళ్ల పిల్ల నన్ను జాలిగా చూసింది. "అత్తా, అది జే కాదు. ఇండియన్ రోలర్. జేలు కాకుల ఫ్యామిలీ."

ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను. 'మన రాష్ట్ర పక్షి పాలపిట్ట, బ్లూ జే' అని ఎన్ని బ్యాచ్‌లచేత వల్లె వేయించానో. నీలం రెక్కలు చూసి ఇంగ్లిషువాళ్లు తమకు తెలిసిన పేరేదో తగిలిస్తే, అదే మన గైడ్లలో నిలిచిపోయింది. ఆంధ్రా వాళ్లం 2018లో రామచిలుకకి మారిపోయాం కాబట్టి ఆ తప్పు ఇప్పుడు తెలంగాణ పిల్లలకి మిగిలింది. మా మేనకోడలు బళ్లో పక్షుల క్లబ్బులో ఉంది. ఈ నాలుగు రోజుల్లో తనకి ఒక పక్షి కావాలట. పేరు అడిగితే ఒకటి చెప్పలేదు, నాలుగు చెప్పింది: కెనడా జే, గ్రే జే, విస్కీ జాక్, క్యాంప్ రాబర్. "విస్కీయా?" అని మా ఆయన సోఫాలోంచి లేచి కూర్చున్నారు.

కాన్‌మోర్ గంటన్నర లోపే వచ్చేసింది. ఊరి నెత్తిన నిలువుగా ఓ శిఖరం, హా లింగ్ పీక్. హా లింగ్ అనే చైనా వంటాయన 1896లో యాభై డాలర్ల పందెం కట్టి దాన్ని ఎక్కి దిగాడట. ఊళ్లోవాళ్లు నమ్మకపోతే సాక్షుల్ని వెంటబెట్టుకుని మళ్లీ ఎక్కాడట. అంత చేసినా వందేళ్లపాటు ఆ కొండని 'చైనావాడి కొండ' అన్నట్టుగా పిలిచారే తప్ప మనిషి పేరుతో పిలవలేదు. 1997లో అతని పేరే పెట్టారు. "అక్కా, ఇక్కడ బోర్డుల మీద పేర్లు చూస్తూ ఉండు, ప్రతి దానికీ ఓ కథ ఉంటుంది" అన్నాడు తమ్ముడు. అన్నాడు గానీ, సగం కథలు వాడికి తెలియవు. దారి పొడుగునా ఫోన్‌లో వెతికి చదివింది మా మరదలే.

సెప్టెంబర్ 30, శనివారం: బాన్ఫ్

ఊరంతా నారింజ రంగు చొక్కాలు. మన దగ్గరైతే ఏదో పార్టీ మీటింగ్ అనుకునేదాన్ని. ఇక్కడి ఆదివాసుల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి లాక్కెళ్లి, వాళ్ల భాష మాట్లాడనివ్వని హాస్టల్ బళ్లలో పెట్టారు. ఆ పిల్లల్ని తలుచుకునే రోజు అది. ఓ పెద్దావిడ అదే రంగు చొక్కాతో బస్టాప్‌లో మా పక్కన నిలబడి నా చీర బాగుందంది. థాంక్యూ అన్నాను. ఆవిడా థాంక్యూ అంది, ఎందుకో. ఇక్కడ బస్సు దిగేటప్పుడు డ్రైవర్‌కి కూడా థాంక్యూ చెబుతారు, వెనక డోర్లో దిగినా అరిచి మరీ చెబుతారు. మా ఆయన మొదట సిగ్గుపడ్డారు గానీ మూడో బస్సుకల్లా అందరికంటే గట్టిగా అరిచారు.

ఊరి మధ్యలో టన్నెల్ మౌంటెన్ అని ఓ గుట్ట ఉంది. అందులో టన్నెల్ లేదు. రైలు మార్గం కోసం తవ్వుదామనుకుని, తర్వాత చుట్టూ తిప్పుకుపోయారు. టన్నెల్ పోయింది, పేరు ఉండిపోయింది. ఇక్కడి ఆదివాసులు, స్టోనీ నకోడా వాళ్లు, దాన్ని 'నిద్రపోతున్న అడవిదున్న' అంటారు. ఆ మాట విన్నాక చూస్తే నిజంగానే పడుకున్న దున్న కనిపిస్తుంది, వినకముందు వట్టి గుట్టే.

మధ్యాహ్నం పుటీన్ తిన్నాం. వేయించిన బంగాళాదుంప ముక్కలు, పైన జున్ను గడ్డలు, ఆ పైన వేడి వేడి గోధుమ రంగు పులుసు. సగం తిన్నాక మరదలికి అనుమానం వచ్చి అడిగితే అది గొడ్డు మాంసం పులుసట. వెజిటేరియన్ అని ఆర్డర్‌లో స్పష్టంగా చెప్పాం. కౌంటర్ దగ్గరి కుర్రాడు అయిదుసార్లు సారీ చెప్పి డబ్బు తిరిగిచ్చాడు. డబ్బు వచ్చింది గానీ తిన్నది తిరిగి రాదు కదా. మా ఆయన ఆ పూట ఇంకేమీ ముట్టలేదు. అదే రోజు మహాలయ పక్షాలు మొదలు కావడం ఆయనకి మరీ గుచ్చుకుంది.

సాయంత్రం పాత రోడ్డులో వెళ్తే జంతువులు కనిపిస్తాయని తమ్ముడు అటు తిప్పాడు. కొంత దూరం వెళ్లేసరికి గేటు. ఈ సీజన్లో కార్లకి ప్రవేశం లేదట, సైకిళ్లకే. మళ్లీ పెద్ద రోడ్డెక్కి క్యాసిల్ జంక్షన్ దగ్గర అవతలి వైపు నుంచి చేరాం. ముప్పావు గంట పోయింది గానీ, క్యాసిల్ మౌంటెన్‌ని సరిగ్గా సంధ్యవేళ చూశాం. ఎర్రటి కోటగోడలా నిలబడి ఉంది. హెక్టర్ అనే ఆయన 1858లో ఆ పేరు పెట్టాడు. 1946లో, రెండో ప్రపంచ యుద్ధం గెలిచిన ఉత్సాహంలో, అమెరికా సేనాని పేరున మౌంట్ ఐసెన్‌హోవర్‌గా మార్చేశారు. జనానికి నచ్చలేదు, 1979లో పాత పేరు తిరిగొచ్చింది. ఐసెన్‌హోవర్‌కి మాత్రం ముందున్న ఒక్క స్తంభం మిగిల్చారు. మా ఊరికి 2015లో రాజమహేంద్రవరం అని పాత పేరు తిరిగొచ్చింది. సర్కారు కాగితాల మీద అదే ఉంటుంది. ఆటో పిలిచేటప్పుడు మాత్రం రాజమండ్రే.

అక్టోబర్ 1, ఆదివారం: లేక్ లూయీస్, ఆగ్నెస్ సరస్సు

పొద్దున్నే చెడ్డ వార్త. శుక్రవారం రాత్రి ఇదే బాన్ఫ్ నేషనల్ పార్కులో, మాకు చాలా దూరంలో, లోపలి అడవిలో ఓ జంట ఎలుగుబంటి దాడిలో చనిపోయారు. మరదలు వద్దంది. జనం మసిలే దారేనని తమ్ముడు. చివరికి ఎలుగుబంటి స్ప్రే ఒకటి కొన్నారు, యాభై డాలర్ల దాకా అయింది. పెప్పర్ స్ప్రేకి పెద్దన్నయ్య అన్నమాట. తమ్ముడు దాన్ని నడుముకి తగిలించుకుని రోజంతా పోలీసులా తిరిగాడు.

లేక్ లూయీస్ నీళ్ల రంగు ఫోటోల్లో చూసి కలిపిన రంగనుకున్నాను. కలపలేదు. విక్టోరియా రాణి కూతురి పేరు ఆ సరస్సుకి. ఆమె పూర్తి పేరులోని ఆల్బర్టా మొత్తం రాష్ట్రానికి. స్టోనీ వాళ్లు దాన్ని 'చిన్న చేపల సరస్సు' అనేవారు. 1882లో వాళ్ల మనిషే దారి చూపిస్తే వచ్చిన టామ్ విల్సన్ 'పచ్చల సరస్సు' అని పేరు పెట్టాడు, రెండేళ్లకే దాన్ని రాకుమారి కింద మార్చేశారు.

మా ఆయన మోకాళ్ల వల్ల ఒడ్డునే బెంచీ మీద ఉండిపోయారు. మేం నలుగురం ఎక్కాం. పైన ఆగ్నెస్ సరస్సు దగ్గర టీ దుకాణం దాకా మూడున్నర కిలోమీటర్లు, నాలుగు వందల మీటర్ల ఎత్తు. దారంతా స్ప్రూస్, ఫర్ చెట్లు, నీడ, తడి వాసన. నా చీర మీద కోటు, కాళ్లకి మరదలి బూట్లు. ఎదురొచ్చే ప్రతివాళ్లూ నవ్వి, 'ఇంకెంతో లేదు' అన్నారు. ఆ మాట మొదటి కిలోమీటర్ దగ్గరే మొదలుపెట్టారు. తిరుపతి మెట్ల దారిలో చెప్పే అబద్ధమే, భాష వేరు.

మిర్రర్ లేక్ అని ఓ చిన్న మడుగు దగ్గర ఆగి డబ్బాలు తెరిచాం. చల్లారిన పులిహోర కొండల్లో ఎంత రుచిగా ఉంటుందో ఇక్కడ కూర్చుని చెప్పలేను. నాలుగు ముద్దలు తిన్నాక నాన్న గుర్తొచ్చారు. పక్షాలు. ఇంటి దగ్గరైతే గోడ మీద ఆకు పెట్టి కాకిని పిలిచేవాళ్లం. అది వచ్చి ముట్టేదాకా అమ్మ భోజనానికి లేచేది కాదు. "ఇక్కడ కాకి వస్తుందంటావా, ఓ ముద్ద రాతి మీద పెడితే?" అని తమ్ముణ్ని అడిగాను.

"అక్కా! ఇది నేషనల్ పార్కు. జంతువులకి తిండి పెడితే పాతిక వేల డాలర్ల దాకా ఫైన్."

పదిహేను లక్షలు. నాన్నే ఉంటే, "ఆ డబ్బుతో ఊళ్లో అందరికీ భోజనాలు పెట్టొచ్చు, డబ్బా మూత పెట్టు" అనేవారు. పెట్టబోయాను.

చప్పుడే లేదు. రెక్క కొట్టుకోవడం వినపడలేదు. ఏదో బూడిదరంగు మెత్తటి గుడ్డ కళ్ల ముందు నుంచి జారినట్టయింది. చూస్తే నా డబ్బా అంచు మీద పక్షి. గోరింక కంటే కాస్త పొడుగు, ఒళ్లంతా ఉబ్బిన దూదిలా బూడిదరంగు, తెల్లటి ముఖం, మెడ వెనక నల్ల మచ్చ, పొట్టి నల్ల ముక్కు. నా వైపు చూసిన చూపులో భయం లేదు, వేడుకోలు కూడా లేదు. ఇంటి ఆడపడుచు వంటింట్లోకి వచ్చి మూతలు తీసి చూసే చూపు. మెతుకుల్ని పక్కకి తోసి ఒక పప్పు, ఇంకో పప్పు, మూడోది గొంతులో వేసుకుంది. కొసరుగా పసుపు రంగు మెతుకులు కొన్ని ముక్కున పట్టుకుని ఎదుటి చెట్టెక్కింది.

మేనకోడలు ఊపిరి బిగబట్టి, గొంతు తగ్గించి, "విస్కీ జాక్!" అంది. ఫోటో తీయడం అందరం మర్చిపోయాం.

తర్వాత అది చేసింది నేను పది నిమిషాలు కూర్చుని చూశాను. ఆ పప్పులు తినలేదు. నోట్లో కాసేపు తిప్పి, జిగురు ముద్దలా చేసి, చెట్టు బెరడు కింద, వేలాడే నాచు వెనక దోపింది. ఇంకోటి వేరే కొమ్మకి. మన ఆడవాళ్లు పోపుల డబ్బాలో డబ్బులు దాచినట్టు, ఒకచోట కాదు. దీని ఉమ్మికి బంక గుణం ఉందని మేనకోడలు చెప్పింది. వేసవి పొడుగు రోజుల్లో ఒక్కరోజే వెయ్యికి పైగా ఇలా దాచినవి ఉన్నాయట. డెబ్భై గ్రాముల పిట్ట. చలికి ఎక్కడికీ వలస పోదు. ఈ దాచినదే తిని బతికి, మంచు కరగకముందే, ఫిబ్రవరి, మార్చిలోనే గుడ్లు పెట్టి పొదుగుతుంది. చలే దీని ఫ్రిజ్. ఆంటారియోలోని అల్గాంక్విన్ పార్కులో వీటిని అరవై ఏళ్లుగా గమనిస్తున్నారు. అక్కడ ఇవి సగానికి పైగా తగ్గిపోయాయి. ఆకురాలు కాలం వెచ్చబడి, దాచిన తిండి పాడైపోతోందని వాళ్ల అనుమానం. కరెంటు పోయిన ఫ్రిజ్ తెరిచిన ఏ ఇల్లాలికైనా అది అర్థమవుతుంది.

"జేలు కాకుల ఫ్యామిలీ అన్నావు కదూ?" అని మేనకోడల్ని అడిగాను. "అవును అత్తా, ఎందుకు?" ఏమీ లేదన్నాను. తమ్ముడు మాత్రం నా వైపు చూసి, "నువ్వు పెట్టలేదు, అదే ముట్టింది. కేసు లేదు" అన్నాడు. వాడి కళ్లు కూడా తడిగా ఉన్నాయి, చలికే అనుకుందాం.

మెట్లెక్కి టీ దుకాణానికి చేరేసరికి ఒంటిగంట. 1901లో రైల్వే వాళ్లు కట్టించిన ఆశ్రయం, 1905 నుంచి టీ ఇస్తున్నారట. కరెంటు లేదు, కొళాయి లేదు. సరస్సు నీళ్లు మరిగించే టీ. తాజా సరుకులు పనివాళ్లే వీపున మోసుకొస్తారు. అందుకే రెండు కెటిల్స్ టీ, రెండు బిస్కట్లు కలిపి ముప్పై డాలర్లు దాటినా నోరు మెదపలేదు. వందకి పైగా రకాల టీ పొడులున్నాయి, మన అల్లం టీ ఒక్కటే లేదు.

వసారాలో కూర్చుని ఆ పిట్ట పేర్ల కథంతా మేనకోడలు చెప్పింది. విస్కీకీ మందుకీ సంబంధమే లేదు. క్రీ అనే ఆదివాసుల కథల్లో విసాకెజాక్ అని ఒకడున్నాడు. రూపాలు మారుస్తాడు, మాయ చేస్తాడు, అందర్నీ బోల్తా కొట్టించి తనూ బోల్తా పడతాడు. మన తెనాలి రామకృష్ణుడికి దైవాంశ ఉంటే అలా ఉండేవాడేమో. తెల్లవాళ్ల చెవికి ఆ పేరు 'విస్కీ జాన్'లా వినపడింది, జాన్ ముద్దుపేరు జాక్ కాబట్టి కొన్నాళ్లకి విస్కీ జాక్ అయింది. కట్టెలు కొట్టేవాళ్ల గుడారాల్లో మాంసం ఎత్తుకెళ్తుంది కాబట్టి క్యాంప్ రాబర్. జీవులకి లాటిన్ పేర్లు పెట్టిన శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1766లో దీని లాటిన్ పేరులో కెనడాని పెట్టాడు, ఆయన స్వీడన్ మనిషి, కెనడా మొహం చూసినవాడు కాదు. ఇంగ్లిష్‌లోనూ కెనడా జే అనే ఉండేది. 1957లో అమెరికా పక్షి శాస్త్రజ్ఞుల సంఘం జాబితా సవరిస్తూ గ్రే జే అనేసింది, అదీ 'gray' అనే అమెరికా స్పెల్లింగ్‌తో. కెనడావాళ్లకి కాలదూ మరి? 2016లో అక్కడి రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ జాతీయ పక్షిగా దీన్నే ఎంచింది. జనం ఓట్లలో మొదటి స్థానం లూన్ అనే నీటిపక్షిది, దీనిది మూడోది. ప్రభుత్వం రెంటినీ పట్టించుకోలేదు. 2018లో మాత్రం సంఘం తన తప్పు దిద్దుకుని కెనడా జే అని పాత పేరు తిరిగిచ్చింది.

"క్యాసిల్ మౌంటెన్ లాగానే" అన్నాను. మేనకోడలు నాకు మార్కులేసినట్టు తలూపింది.

అప్పుడే రెయిలింగ్ మీద ఇంకో బూడిదరంగు పిట్ట వాలింది. ఇదీ విస్కీ జాకే అన్నాను గర్వంగా. వేసిన మార్కులు తీసేసుకుంది. ముక్కు పొడుగు, రెక్కలు నలుపు, గొంతు రేకు మీద మేకు గీసినట్టు. క్లార్క్స్ నట్‌క్రాకర్ అట. 1805లో పడమటి దారి వెతుకుతూ వచ్చిన విలియం క్లార్క్ రాసి పెట్టడంతో ఆయన పేరే దానికి. ఇదీ దాచుకునే జాతే. దీని పని పైన్ గింజలు భూమిలో పాతడం. మర్చిపోయిన గింజల్లోంచి వైట్‌బార్క్ పైన్ చెట్లు మొలుస్తాయి. దీన్నీ క్యాంప్ రాబర్ అనే పిలుస్తారట. దొంగ అనే పేరుకి మాత్రం ఎవరూ హక్కులు రాయించుకోలేదు.

దిగేసరికి మా ఆయన బెంచీ మీద ఓ పంజాబీ పెద్దాయనతో హిందీలో రాజకీయాలు మాట్లాడుతున్నారు. జరిగినదంతా చెబితే, "పప్పులేరుకుపోయిందా? అయితే అది పులిహోర దొంగ" అన్నారు.

అక్టోబర్ 2, సోమవారం: మొరెయిన్ లేక్

సొంత కార్లని 2023 నుంచి పైకి పోనివ్వడం లేదు, షటిల్ బస్సే. అప్పుడు పెద్దవాళ్లకి ఎనిమిది డాలర్లు, మాలాంటి సీనియర్లకి నాలుగు తీసుకున్నారు. అక్కడ బాగున్న ధర ఇదొక్కటే.

చలికి వేళ్లు బిగుసుకుపోయాయి. లార్చ్ చెట్లు బంగారు రంగుకి తిరిగి ఉన్నాయి, పైన్ లాంటి చెట్టే గానీ ఆకులు రాలుస్తుంది. సరస్సు వెనక పది శిఖరాలు వరుసగా. శామ్యూల్ అలెన్ అనే ఆయన 1894లో వాటికి స్టోనీ భాషలో ఒకటి నుంచి పది దాకా అంకెలే పేర్లుగా పెట్టాడు. మరదలు ఫోన్లో చూసి చదువుతుంటే అయిదో దాని దగ్గర ఆగిపోయాం. 'సప్తా'. వాళ్ల భాషలో అయిదట! మా ఆయన ఒప్పుకోలేదు, మళ్లీ లెక్కపెట్టమన్నారు. మళ్లీ లెక్కపెట్టాం, అయిదే. తర్వాత వాటిలో ఏడింటికి ఎవరెవరి పేర్లో పెట్టేశారు. నాలుగు, తొమ్మిది, పది మాత్రమే అంకెలుగా మిగిలాయి. ఆరో శిఖరం ఇప్పుడు మౌంట్ అలెన్. అంకె పెట్టినాయన పేరే ఆ అంకెని చెరిపేసింది.

రాళ్లగుట్ట మీద జనం మధ్య విస్కీ జాక్‌లు రెండు తిరుగుతున్నాయి. ఓ కుర్రాడు చెయ్యి చాచి బ్రెడ్డు పెట్టబోతే మా మేనకోడలు వెళ్లి ఫైన్ ఎంతో చెప్పి వచ్చింది. ఆ కుర్రాడు సారీ అన్నాడు. మా డబ్బా ఖాళీ కాబట్టి మా దగ్గరికి ఒక్కటీ రాలేదు.

ఇంటికొచ్చాక

దసరాకి కాల్గరీలోనే ఉన్నాం. పాలపిట్ట లేదు. జమ్మి చెట్టూ లేదు. మాగ్‌పైని చూసి దణ్ణం పెట్టమని తమ్ముడు వెక్కిరించాడు.

మేం విమానం ఎక్కే వారంలోనే, నవంబర్ ఒకటో తేదీన, అమెరికా పక్షి సంఘం ఇంకో కబురు చెప్పింది. మనుషుల పేర్లున్న పక్షులన్నిటికీ ఇంగ్లిష్ పేర్లు మారుస్తారట, మొదట ఓ డెబ్భై ఎనభై పక్షులతో. అంటే క్లార్క్‌గారి పిట్టకీ ఎప్పుడో ఒకప్పుడు కొత్త పేరు రావాలి. నిన్న వీడియో కాల్‌లో మేనకోడలు నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంది. నట్‌క్రాకర్‌కి ఇంగ్లిష్ పేరు తను ఆలోచిస్తుందట, విస్కీ జాక్‌కి తెలుగు పేరు నేను చెప్పాలట. బూడిద కాకి అన్నాను. బాగాలేదంది. కొండకాకి అంటే అలాంటివి ఇప్పటికే ఉండి ఉంటాయంది.

మా ఆయన వెనక నుంచి తల దూర్చి, "పులిహోర దొంగ అని రాసుకో" అన్నారు.

"మామయ్యా, నువ్వసలు దాని దొంగతనం చూడనేలేదు! కిందే కూర్చున్నావు."

"లిన్నేయస్ మాత్రం చూశాడా?"